ఆకుకూరలకు వానపాముల ఎరువు: ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి

మీరు చెప్పిన దాన్ని బట్టి మీ పరిస్థితి ఇది. మీది 10 గుంటల (పావు ఎకరం) ఎర్ర చెలక, అంటే తేలికపాటి ఎర్ర నేల, బోరు నీటి పారకం. 40 కిలోల వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు) సంచులు 5 కొని, విత్తనం చల్లిన రోజునే మళ్ళ మీద పలచగా చల్లి నీరు పెట్టారు. తోటకూర, పాలకూర మొలిచాయి గాని 20 రోజులు దాటినా జానెడు ఎత్తు కూడా రాలేదు, కింది ఆకులు పచ్చదనం పోయి పసుపు తిరుగుతున్నాయి. పక్క మడిలో యూరియా వేసిన రైతు మాత్రం 25వ రోజుకే కోత మొదలుపెట్టారు. వానపాముల ఎరువుతో అసలు ఆకుకూర పండుతుందా, పండితే ఎంత వేయాలి అని మీరు అడిగారు.

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల వైపు అలాంటి చెలక నేలలోనే నేను 12 ఏళ్ళుగా ఈ ఎరువు మీద ఆకుకూరలు పండిస్తున్నాను, కాబట్టి పండుతుందని ధైర్యంగా చెప్పగలను. అయితే మీరు వేసినంత మోతాదులో, మీరు వేసిన రోజున, మీరు వేసిన తీరులో వేస్తే పండదు. లోపం ఈ రకం ఎరువుది కాదు, నేలది కూడా కాదు. వానపాముల ఎరువు యూరియాలాగా పనిచేస్తుందని మనం అనుకోవడంలోనే పొరపాటు ఉంది. ఇది పైరుకు వేసే ఎరువు కాదు, పైరు రాకముందే నేలకు పెట్టవలసిన తిండి.

ముందుగా కొంచెం లెక్క చూద్దాం. ఈ లెక్క ఒక్కసారి మనసుకు ఎక్కితే మిగిలిన నిర్ణయాలన్నీ మీరే తీసుకోగలుగుతారు. ఆకుకూరల్లో 100 గ్రాములకు సుమారు 3 నుంచి 4 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ఆ మాంసకృత్తుల్లో దాదాపు 16 శాతం నత్రజని. అంటే ఒక గుంట మడి నుంచి 100 కిలోల తోటకూర కోసి సంతకు పంపితే, ఆ కట్టలతో పాటు సుమారు అర కిలో నత్రజని మీ నేల నుంచి బయటకు పోయినట్టే. ఇప్పుడు మీరు వేసినది చూడండి. 200 కిలోలు 10 గుంటలకు అంటే గుంటకు 20 కిలోలు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 ప్రకారం వర్మీ కంపోస్టులో నత్రజని కనీసం 1 శాతం ఉండాలి, మంచి సరుకులో 1.5 శాతం వరకూ ఉంటుంది. కాబట్టి గుంటకు మీరు ఇచ్చిన మొత్తం నత్రజని 200 నుంచి 300 గ్రాములు మాత్రమే. అది కూడా వేసిన వెంటనే వేరుకు అందదు. అందులో ఎక్కువ భాగం సేంద్రియ రూపంలో ఉంటుంది, నేలలోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి ఇస్తేనే మొక్క తీసుకోగలదు. మొదటి పైరు కాలంలో పావు వంతు, మహా అయితే మూడో వంతు అందుతుందని నేను లెక్క వేసుకుంటాను. అంటే అర కిలో కావలసిన చోట మీ తోటకూరకు దొరికింది 50 నుంచి 100 గ్రాములు. ఆ మొక్కలు జానెడైనా ఎదగలేదంటే వాటి తప్పేమీ లేదు.

పక్క రైతు వేసిన 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది, తడి తగిలిన వారం రోజుల్లో అందులో అధిక భాగం వేరుకు అందే రూపంలోకి మారిపోతుంది. అంత నత్రజని వర్మీ కంపోస్టు రూపంలో ఇవ్వాలంటే 2 టన్నులు కావాలి. 25 రోజుల్లో కోతకు వచ్చే పైరులో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే నెమ్మదిగా పనిచేసేది ఓడిపోయినట్టే కనిపిస్తుంది. మిరప, వంగ వంటి 5, 6 నెలల పంటల్లో ఈ తేడా అంతగా బయటపడదు, ఎందుకంటే అక్కడ ఎరువు విడుదల కావడానికి సమయం ఉంటుంది. ఆకుకూరలకు ఆ వ్యవధి లేదు. అందుకే వీటికి వానపాముల ఎరువు వాడే పద్ధతి వేరుగా ఉండాలి.

అలాగని ఈ ఎరువును నత్రజని లెక్కతో మాత్రమే తూకం వేయడం న్యాయం కాదు. చెలక నేలలో ఆకుకూర వేసే ప్రతి రైతుకూ తెలిసిన కష్టం ఒకటుంది. విత్తనం చల్లిన రెండో రోజున ఒక జల్లు పడి, వెంటనే ఎండ కాస్తే మడి పైన అప్పడంలాంటి పొర కడుతుంది. తోటకూర విత్తనం ఆవగింజలో సగం కూడా ఉండదు, ఆ మొలకకు పొరను చీల్చుకొని వచ్చే శక్తి ఉండదు. వేలితో పెచ్చు లేపి చూస్తే దాని కింద తెల్లని మొలకలు మెలి తిరిగి వంగిపోయి కనిపిస్తాయి. నా పొలంలో మొదటి ఏడాది మూడో వంతు మడులు ఇలాగే పోయాయి. వరుసగా వానపాముల ఎరువు, పశువుల ఎరువు పడిన మడుల్లో మూడో ఏటికి ఆ పొర కట్టడం దాదాపు ఆగిపోయింది, మట్టి రవ్వలాగా విడివిడిగా ఉండి నీటిని పీల్చుకోవడం మొదలుపెట్టింది. మొలక శాతం పెరగడమే నాకు మొదట కనిపించిన లాభం, దిగుబడి పెరగడం ఆ తర్వాతి సంగతి.

ఇక మోతాదు. మీ నేలలో సేంద్రియ కర్బనం ఎంత ఉందో మట్టి పరీక్ష చేయిస్తే ఖచ్చితంగా చెప్పవచ్చు. 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే తక్కువ కిందే లెక్క, మన చెలకల్లో చాలా వరకు అంతే ఉంటుంది. అలాంటి నేలలో మొదటి ఏడాది నేను గుంటకు బాగా చివికిన పశువుల ఎరువు 250 కిలోలు, వానపాముల ఎరువు 70 కిలోలు, ఆముదపు పిండి (నూనె తీశాక మిగిలే చెక్క) 5 కిలోలు వేస్తాను. పశువుల ఎరువులో నత్రజని అర శాతం అనుకొని అందులో ఐదో వంతు ఈ పైరుకు అందుతుందనుకుంటే 250 గ్రాములు, వానపాముల ఎరువు నుంచి పావు వంతు లెక్కన 180 గ్రాములకు పైగా, ఆముదపు పిండిలో 4 శాతానికి కొంచెం ఎక్కువగా ఉండే నత్రజనిలో సగానికి పైగా నెల రోజుల్లో విడుదలవుతుంది కాబట్టి మరో 120 గ్రాములు వస్తాయి. ఈ మూడూ కలిస్తే మనకు కావలసిన అర కిలో దాటుతుంది. దీన్నే మీ 10 గుంటలకు లెక్కిస్తే వానపాముల ఎరువు 7 క్వింటాళ్ళు, పశువుల ఎరువు రెండున్నర టన్నులు, ఆముదపు పిండి 50 కిలోలు. పిండి బదులు వేప పిండి కూడా వాడవచ్చు, వేరుశనగ చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది గాని దాన్ని పశువుల దాణాగా వాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆముదపు పిండి విషయంలో ఒక జాగ్రత్త తప్పక పాటించాలి. అది పశువులకు, కుక్కలకు విషం. తెరిచిన సంచిని కొట్టంలో వదిలివేయకండి, వేసిన రోజునే మట్టిలో కలిపేయండి.

వానపాముల ఎరువు ఒక్కదానితోనే లెక్క సరిపెట్టాలంటే గుంటకు 180, 200 కిలోలు వేయవలసి వస్తుంది. కొని వేస్తే ఆ ఖర్చు ఆకుకూర మీద తిరిగి రాదు. అందుకే దాన్ని ఒంటరిగా కాకుండా పశువుల ఎరువుతో, పిండితో జతచేసి వాడమని చెబుతున్నాను. రెండో ఏడాది నుంచి మోతాదు తగ్గించుకోవచ్చు, ఎందుకంటే మొదటి ఏడాది విడుదల కాని భాగం నేలలోనే ఉండి తర్వాతి పైర్లకు కొంచెం కొంచెంగా అందుతూ ఉంటుంది.

డబ్బు పెట్టకుండా నేల బలం పెంచే దారి కూడా ఉంది. వానకాలం మొదట్లో సగం పొలంలో జనుము గాని జీలుగ గాని చల్లి, 45 రోజులకు పూత దశలో కలియదున్నండి. మరొక మాట, బలం లేని నేలలో మొదటి పైరుగా తోటకూర, పాలకూర వేయవద్దు. మెంతికూరతో మొదలుపెట్టండి. మెంతి పప్పుజాతి మొక్క, దాని వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి అది తక్కువ ఎరువుతో గట్టెక్కుతుంది, 25 నుంచి 30 రోజుల్లో చేతికి వస్తుంది. ఆ లోగా మీరు వేసిన ఎరువు మగ్గి, తర్వాత వేసే కూరలకు సిద్ధంగా ఉంటుంది. గోంగూర వేరు లోతుకు పోతుంది, అదీ కొంత తట్టుకుంటుంది. అన్నిటికన్నా తిండిపోతులు తోటకూర, పాలకూరలే, వాటిని మూడో విడతలో పెట్టుకోండి.

ఎప్పుడు వేయాలి అన్నది ఎంత వేయాలి అన్న దానికన్నా ముఖ్యం. ఆఖరి దుక్కిలో, అంటే విత్తనానికి 10 నుంచి 15 రోజుల ముందు ఎరువు వేసి, పై 3 అంగుళాల మట్టిలో దంతెతో కలిపి, ఒక తడి పెట్టి వదిలేయాలి. ఆ వ్యవధిలో సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి, మొలక వేరు తొక్కే వేళకు తిండి సిద్ధంగా ఉంటుంది. చలికాలంలో ఇదే పని నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి పైర్లకు నేను 20 రోజుల ముందే వేస్తాను. ఇదే సమయంలో కలుపు కూడా మొలుస్తుంది, దాన్ని విత్తే ముందు ఒకసారి గొర్రుతో తీసేస్తే తర్వాత కూలి ఖర్చు సగం తగ్గుతుంది.

ఎరువును మడి పైన చల్లి వదిలేయడం మీరు చేసిన రెండో పొరపాటు. ఎండ తగిలితే వానపాముల ఎరువు గట్టి పలుకుల్లా ఎండిపోతుంది, అలా ఒకసారి పూర్తిగా ఎండినది మళ్ళీ నీటిని సులువుగా పీల్చుకోదు, అందులోని సూక్ష్మజీవుల్లో చాలా భాగం చనిపోతాయి. మీ మడిలో ఇప్పటికీ నల్లని చిన్న పలుకులు మట్టి మీద కనిపిస్తుంటే అది అదే. సాయంత్రం పూట వేసి, వెంటనే మట్టిలో కలిపి, నీరు పెట్టడం అలవాటు చేసుకోండి.

విత్తేటప్పుడు మాత్రం పైన పలచని పొరగా వాడుకునే పద్ధతి ఒకటుంది, దాన్ని నేను చాలా ఇష్టంగా చేస్తాను. సన్న జల్లెడతో జల్లించిన వానపాముల ఎరువును తోటకూర విత్తనానికి పదింతలు కలిపి చల్లితే గింజ ఒకచోట గుంపుగా పడకుండా సమంగా పడుతుంది. ఆ తర్వాత అదే జల్లించిన ఎరువును విత్తనం కనపడకుండా ఉండేంత మందంలో, అంటే గోరు మందం కన్నా తక్కువగా, పైన రాల్చి చేతితో అద్దాలి. ఇందాక చెప్పిన అప్పడం పొర ఈ మడుల్లో కట్టదు.

కోత తర్వాత వేసేది ఇంకా ముఖ్యమైనది. పాలకూర మొదటి కోత 30 నుంచి 35 రోజులకు వస్తే, ఆ తర్వాత 15, 20 రోజులకొక కోత తీస్తాం. తీసిన ప్రతిసారీ నేల నుంచి నత్రజని పోతున్నప్పుడు ఏడాదికొకసారి వేసిన ఎరువు ఎలా సరిపోతుంది? కోత అయిన మరునాడు గుంటకు 12 నుంచి 15 కిలోల వానపాముల ఎరువులో 2 కిలోల పిండి కలిపి, వరుసల మధ్య వేసి, కొంకితో గీరి తడి ఇవ్వాలి. ఆ మిశ్రమాన్ని కోతకు 8, 10 రోజుల ముందే నీడలో కలిపి, గోనె సంచి కప్పి, చెమ్మ ఆరకుండా ఉంచితే పిండి అక్కడే మగ్గడం మొదలై మడిలో త్వరగా అందుతుంది. బచ్చలి, పొన్నగంటి, పుదీనా వంటి నెలల తరబడి కోసే కూరలకూ ఇదే పద్ధతి. మెంతి, కొత్తిమీర వేర్లతో సహా పీకే పైర్లు కాబట్టి వాటికి ఆఖరి దుక్కిలో వేసినదే చాలు.

ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అని మాత్రం అనుకోవద్దు. ఈ పాఠం నేను కొత్తిమీరతో నేర్చుకున్నాను. ఒక ఏడాది నారు ట్రేల్లో మూడు వంతులు వానపాముల ఎరువు, ఒక వంతు మట్టి కలిపి, ధనియాలు నలగగొట్టి వేశాను. పది రోజులకు పదింట మూడు కూడా మొలవలేదు, మొలిచిన వాటి ఆకుల అంచులు గోధుమ రంగుకు మాడిపోయాయి. ఎరువులోని లవణాలు లేత వేరు మీద ఎక్కువైపోయాయి. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ ఎడ్వర్డ్స్ బృందం కుండీ మిశ్రమాలతో చేసిన ప్రయోగాల్లో కూడా వానపాముల ఎరువు 10 నుంచి 40 శాతం ఉన్నప్పుడే మొక్కలు బాగా పెరిగాయని, అంతకు మించితే అదనపు లాభం రాలేదని తేలింది. మీ ఇంట్లో వాళ్ళు మేడ మీద కుండీల్లో పెంచాలనుకుంటున్నారని కూడా రాశారు. వారికి మట్టి రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలు సరిపోతుంది. కొబ్బరి పొట్టును రెండు మూడు సార్లు నీళ్ళలో నానబెట్టి పిండిన తర్వాతే కలపమనండి, దానిలోనూ ఉప్పు ఉంటుంది.

ఇప్పుడు మీరు కొన్న సంచి సంగతికి వస్తాను. నిజం చెప్పాలంటే మీ సమస్యలో దీని పాలు కూడా ఉండవచ్చు. వర్మీ కంపోస్టు పేరుతో జల్లించిన పశువుల పేడ, నల్లమట్టి, చక్కెర మిల్లు మడ్డి, బొగ్గు బూడిద కలిపి అమ్మడం నేను కళ్ళారా చూశాను. ఒకసారి ఒక వ్యాపారి దగ్గర నేను కొన్న పది సంచుల్లో సగానికి సగం ఇసుకే వచ్చింది. మంచి ఎరువు సంచి విప్పగానే తొలకరి వానకు తడిసిన నేల వాసన వస్తుంది. పేడ వాసన వస్తే ఇంకా మాగలేదని, అమ్మోనియా ఘాటు వస్తే అసలు వాడవద్దని అర్థం. అరచేతిలో పోసి చూస్తే టీ పొడిలాంటి నల్లని గోధుమ రంగు పలుకులు ఉంటాయి, భూతద్దం లేకుండానే వాటి కోలాకారం తెలుస్తుంది. గుప్పెడు పట్టి పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు, వేలితో తడితే మళ్ళీ విడిపోవాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి. తూకంలో నీళ్ళు అమ్మేవారు చాలామంది ఉన్నారు కాబట్టి తేమ చూసుకోండి. గాజు గ్లాసు నీళ్ళలో రెండు చెంచాలు వేసి కలిపి పది నిమిషాలు వదిలేస్తే ఇసుక అడుగున పొరగా కూర్చుంటుంది, మట్టి కలిపినదైతే నీళ్ళు బురదగా ఉండిపోతాయి, మంచి ఎరువుకు పలచని టీ డికాషన్ రంగు వస్తుంది.

ఇంకో పరీక్ష మూడు రోజులు పడుతుంది, కానీ అన్నిటికన్నా నమ్మకమైనది. ఎరువును సమానమైన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. ఆ నీటితో తడిపిన గుడ్డలో 50 మెంతులు, మామూలు నీటితో తడిపిన గుడ్డలో 50 మెంతులు చుట్టి పెట్టండి. మామూలు నీళ్ళలో 45 మొలిచినప్పుడు ఎరువు నీళ్ళలో 36 కన్నా తక్కువ మొలిస్తే ఆ ఎరువు పూర్తిగా మాగలేదు, లేదా ఉప్పు ఎక్కువ. దాన్ని ఇంకో నెల నీడలో మగ్గనివ్వండి.

మీకు రెండు పశువులు ఉన్నాయన్నారు, కాబట్టి సొంతంగా చేసుకోవడమే మీకు తగిన దారి. రెండింటి నుంచి రోజుకు 20 కిలోల పేడ వచ్చినా ఏడాదికి 7 టన్నులు దాటుతుంది. దానికి పొలంలోని ఆకు, గడ్డి, కూరల తుక్కు కలిపితే మూడు టన్నులకు తగ్గకుండా ఎరువు వస్తుంది, మీ 10 గుంటలకు అది పుష్కలం. దుకాణాల్లో దొరికే 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ప్లాస్టిక్ బెడ్లు రెండు చాలు. ఒకటి నిండుతుంటే ఒకటి తయారవుతూ ఉంటుంది.

ఇందులో అందరూ చేసే తప్పు పచ్చి పేడ వేయడం, నేనూ అదే చేశాను. మొదటి వేసవిలో, ఏప్రిల్‌లో, తాజా పేడ నింపి సాయంత్రం 3 కిలోల వానపాములు వదిలాను. తెల్లవారేసరికి అవి బెడ్డు గోడల మీదికి ఎగబాకి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, మధ్యాహ్నానికి కుళ్ళిన చేపల వాసన మొదలైంది. పచ్చి పేడ మగ్గేటప్పుడు పుట్టే వేడి, అమ్మోనియా వాటిని చంపేశాయి. పేడను చెత్తతో పొరలుగా వేసి, నీళ్ళు చల్లి, 15 నుంచి 20 రోజులు మాగనిచ్చి, చేయి పెడితే చల్లగా తగిలినప్పుడే పాములు వదలాలి. 35 డిగ్రీలు దాటితే అవి కష్టపడతాయి, మన మే నెల ఎండలకు తాటాకు పందిరి, పైన తడి గోనె సంచులు లేకుండా బతకవు. చీమలు రాకుండా బెడ్డు చుట్టూ నీటి కాలువ, కోళ్ళు, పందికొక్కులు రాకుండా పైన వల పెట్టుకోండి. నట్టల మందు తాపిన తర్వాత వారం పది రోజుల పేడను నేను ఈ బెడ్లలో వేయను. అంతా సవ్యంగా ఉంటే 45 నుంచి 60 రోజుల్లో ఎరువు తయారవుతుంది. తీయడానికి 4, 5 రోజుల ముందు నీళ్ళు ఆపి, ఎరువును కుప్పగా పోస్తే వెలుతురు తట్టుకోలేక పాములు అడుక్కు పోతాయి, పైపై ఎరువును చేతితో తీసుకోవచ్చు.

బెడ్లకు ఐసీనియా ఫెటిడా లేదా యూడ్రిలస్ యూజీనియే జాతి పాములు కావాలి. ఇవి చెత్తలో పైపైన బతికేవి. పొలంలో తవ్వితే దొరికే ఎర్రలు మట్టి లోపల ఉండేవి, వాటిని బెడ్డులో వేస్తే నిలవవు. అలాగే ఎరువుతో పాటు పొలంలోకి వెళ్ళిన బెడ్డు పాములు అక్కడ పెరిగి నేలను బాగుచేస్తాయని కొందరు నమ్ముతారు, అది జరగదు. సేంద్రియ పదార్థం, తేమ ఉంటే మీ నేలలోని సొంత ఎర్రలే తిరిగి వస్తాయి. ఇంకొక సంగతి, వానపాములతో చేసే ఎరువు పెద్దగా వేడెక్కదు కాబట్టి గింజ కట్టిన కలుపు మొక్కలను, తుంగ గడ్డలను అందులో వేయకండి. అవి చావకుండా మీ మడిలోకే చేరతాయి.

పసుపు రంగు ఎరువు తక్కువై వచ్చిందా, వేరే కారణమా అన్నది కూడా చూసుకోవాలి. ముందుగా కింది ముదురు ఆకులు పసుపెక్కితే నత్రజని లోపం. పై లేత ఆకులు పసుపెక్కి, వాటి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుప ధాతు లోపం. మన వైపు కొన్ని బోరు నీళ్ళలో బైకార్బొనేట్లు ఎక్కువ, వాటి వల్ల నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, అప్పుడు ఎంత కంపోస్టు వేసినా వెంటనే రంగు రాదు. మీరు కింది ఆకులని స్పష్టంగా రాశారు కాబట్టి మీది నత్రజని లోపమే అనుకుంటున్నాను, అయినా మడి మధ్యలో నాలుగు మొక్కలు పీకి, పసుపు ఏ ఆకుల నుంచి మొదలైందో చూడండి.

నీటి విషయంలో ఒక్క మాట. చెలకలో మడి నిండా నీరు నిలబెట్టి పారిస్తే, సూక్ష్మజీవులు కష్టపడి విడగొట్టిన నత్రజని నీటితో పాటు వేరు అందని లోతుకు దిగిపోతుంది. పాలకూర, తోటకూరల్లో తిండి తీసుకునే వేళ్ళు చాలా వరకు పై జానెడులోనే ఉంటాయి. కొంచెం కొంచెంగా, తరచుగా తడి ఇవ్వండి. వీలైతే స్ప్రింక్లర్ పెట్టుకోండి, ఎరువు ఖర్చు ఆదా అవుతుంది.

కొత్తిమీర, పుదీనా మనం పచ్చిగానే తింటాం. అందుకని పూర్తిగా మాగని ఎరువును వాటి మడుల్లో వేయడం తప్పు, తినేవారి ఆరోగ్యానికి సంబంధించిన సంగతి ఇది. పేడ నీళ్ళు గాని, పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతం గాని ఆకుల మీద చల్లవద్దు, నేలకు ఇచ్చినా కోతకు రెండు వారాల ముందే ఆపేయండి. మురుగు కాలువ నీళ్ళు, ఊరి చెత్తతో చేసిన కంపోస్టు వంటి వాటిలో సీసం, కాడ్మియం వంటివి ఉండే అవకాశం ఉంది, ఆకుకూరలు వాటిని ఆకుల్లోకి లాక్కుంటాయి. వానపాములు తిన్నంత మాత్రాన ఆ లోహాలు మాయం కావు. తోటకూర ఆకు అడుగున తెల్లని బొబ్బలు వచ్చే తెల్ల తుప్పు తెగులుకు, పాలకూర ఆకుమచ్చకు ఈ ఎరువు మందు కాదని కూడా గుర్తుంచుకోండి. వాటికి విత్తనం పలచగా చల్లడం, గాలి ఆడనివ్వడం, మచ్చ పట్టిన ఆకులు ఏరివేయడం అవసరం.

చివరిగా, ఇప్పుడు మడిలో ఉన్న పైరును ఏం చేయాలన్నది. కొంచెం యూరియా వేసి గట్టెక్కించనా అని కూడా అడిగారు. ఒకసారి వేసినంత మాత్రాన నేల నాశనం కాదు, ఆ నిర్ణయం మీది. అయితే వేసిన తర్వాత ఆ కట్టను సేంద్రియమని చెప్పి అమ్మకండి, మన మాట నమ్మి రెండు రూపాయలు ఎక్కువిచ్చి కొనేవారికి మనం చేయకూడని పని అది. వేయకూడదనుకుంటే ఇలా చేయండి. పాలకూరను నేలకు రెండు అంగుళాల పైన కోసేయండి, ఎదగని ఆకును నిలబెట్టి లాభం లేదు. తోటకూరలో బలహీనమైన మొక్కలు ఏరి, మిగిలిన వాటి తలలు తుంచండి. గుంటకు 15 కిలోల మంచి వానపాముల ఎరువులో 3 కిలోల పిండి కలిపి వరుసల మధ్య గీరి మట్టిలో కప్పండి. పశువుల మూత్రం దొరికితే పదింతల నీళ్ళు కలిపి, ఆకుల మీద పడకుండా వారానికొకసారి, రెండు వారాలు మాత్రమే మొదళ్ళలో పోయండి. మరో రెండు వారాలు ఆగి కోయండి. పది రోజుల తర్వాత కొత్తగా వచ్చిన ఆకుల రంగు చూడండి. పాత ఆకులు మళ్ళీ పచ్చబడవు, వాటిని చూసి నిరాశ పడవద్దు. కొత్త ఆకు ముదురు పచ్చగా వస్తుంటే ఈ పైరు రెండో కోతకు నిలబడుతుంది. రాకపోతే కలియదున్ని, ఎరువు వేసి, 15 రోజులు ఆగి మెంతులు చల్లండి.